బొమ్మ పూర్తిగా పడనివ్వండి

పరాయి దేశంలో నలుగురు నెల్లూరోళ్లు, ఇద్దరు ఒంగోలోళ్లు ఒకచోట చేరితే చేపల పులుసు గిన్నె ఖాళీ అయ్యేలోపు సినిమా కబురు వచ్చి తీరుతుంది. "అద్దెకు తీసుకున్నాం, ఏందో, మాటలే వినపళ్లా." "పాత సినిమా కదా, బొమ్మంతా మసక." "సగం చూసేసరికి గడువైపోయింది, పెద్ద గొప్పగా ఏం లేదులే." ఈ మూడింటిలో సినిమా గురించిన మాట ఒక్కటీ లేదు. మొదటిది టీవీలో శబ్దం అమరిక తప్పు. రెండోది కాపీ తప్పు. మూడోది అద్దె గడువు లెక్క తెలియకపోవడం. తీర్పు మాత్రం సినిమా మీద పడుతోంది. మన పత్రికలో సినిమాల గురించి రాసేవాళ్లయినా, నోటిమాటగా పదిమందికి చెప్పేవాళ్లయినా, తాము చూసింది ఏ కాపీయో, అది తెర మీద సరిగ్గా పడిందో లేదో ముందు చూసుకోవాలి. మంచిచెడ్డలు ఆ తర్వాత.

మన రెండు జిల్లాలవాళ్లకు ఈ పట్టింపు ఇంకాస్త ఎక్కువే ఉండాలి. 1971 నాటి 'ప్రేమ్‌నగర్' సంగతే తీసుకోండి. నిర్మాత రామానాయుడిది కారంచేడు, కథానాయిక వాణిశ్రీది నెల్లూరు, మాటలూ పాటలూ రాసిన ఆత్రేయది సూళ్లూరుపేట పక్కన మంగళంపాడు. మనవాళ్లు ముగ్గురు కలిసి నిలబెట్టిన సినిమా అది. ఆత్రేయ రాతలో బలం మాటలో ఎంత ఉందో మాటకూ మాటకూ మధ్య ఇచ్చిన విరామంలోనూ అంతే ఉంది. ఆ విరామాన్ని చెడగొట్టేది టీవీలో, సౌండ్‌బార్‌లో ఉండే 'వర్చువల్ సరౌండ్'. ఆనాటి సినిమాల్లో శబ్దమంతా ఒకే ట్రాకు, మోనో. దాన్ని నాలుగు వైపులకూ చిమ్మాలని యంత్రం చూస్తే గొంతుకు లేని గుల్ల మోత వస్తుంది, విరామంలో కూడా ఆ మోతే మిగులుతుంది. సౌండ్ మెనూలో 'సరౌండ్' ఆపేసి 'స్టాండర్డ్' పెట్టండి. పాత సినిమాకు శబ్దం విషయంలో చెయ్యాల్సింది అంతే.

బొమ్మ సంగతి అంత తేలిక కాదు. 1950లు, 60ల సినిమాల చట్రం వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. ఇప్పటి టీవీ 1.78 రెట్లు. పాత బొమ్మ సరిగ్గా పడితే ఎడమా కుడీ నల్ల పట్టీలు రావాలి. ఆ పట్టీలు కొందరికి నచ్చవు. రిమోట్‌లో 'జూమ్' నొక్కుతారు, లేదా కాపీ తయారుచేసినవాళ్లే బొమ్మను పెద్దది చేసి తెర నింపేస్తారు. అప్పుడు పైనా కిందా కలిపి దాదాపు నాలుగో వంతు బొమ్మ పోతుంది. పోయేది ఎక్కడో గమనించండి: పైన తలకట్టు, కింద పాదాలు. 'మాయాబజార్'లో 'అహ నా పెళ్ళియంట' పాటలో సావిత్రి పాదాలు తెగిపోతే ఆ పాటలో ఇంకేం మిగిలినట్టు? నాట్యం ఉన్న ఏ పాత సినిమాకైనా ఇదే పరీక్ష. పాట దగ్గరకు వెళ్లి పాదాలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. కనిపించకపోతే టీవీ మెనూలో 'పిక్చర్ సైజు'ను 'ఒరిజినల్' అనో 'జస్ట్ స్కాన్' అనో మార్చండి. అయినా రాకపోతే కాపీలోనే కోశారు, వేరే కాపీ వెతుక్కోవాలి. బొమ్మను పక్కలకు సాగదీసే 'వైడ్' అమరిక ఇంకా అన్యాయం. రమణారెడ్డి బక్కపలచని ఒళ్లే ఆయన హాస్యంలో సగం, ఆ మనిషిని లావు చేసి చూపిస్తే నవ్వెక్కడిది?

'మాయాబజార్' 2010లో రంగుల్లో కూడా విడుదలైంది. రంగుల కాపీ చూడొద్దని కాదు గానీ, ముందు నలుపు తెలుపులో చూడండి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ అందులో వెన్నెలను పట్టింది నలుపు తెలుపుల మధ్య ఛాయల్లోనే. పిల్లలకు మొదటిసారి చూపించేటప్పుడు రంగులైతేనే కూర్చుంటారనే మాట వినిపిస్తుంటుంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారాక ఏ పిల్లా రంగుల గురించి అడగదు.

1974లో 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగులోకి సినిమాస్కోప్ వచ్చాక లెక్క తిరగబడింది. వెడల్పు 2.35 రెట్లకు పోయింది. ఇప్పుడు నల్ల పట్టీలు పైనా కిందా రావాలి, రెండూ కలిపి తెరలో నాలుగో వంతు. అవి లేకుండా తెర నిండిందంటే పక్కల నుంచి కోసినట్టే. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే చోట ఒకరి భుజమో, చెవో మాత్రమే కనిపిస్తోందంటే అనుమానం అక్కర్లేదు.

పాత డీవీడీలు ఇంకా చాలా ఇళ్లలో అట్టపెట్టెల్లో ఉన్నాయి, ఇచ్చిపుచ్చుకోవడాలూ నడుస్తున్నాయి. వీటిలో రెండు జబ్బులు. మొదటిది వేగం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మన దేశంలో టీవీలకు నడిచిన పాల్ పద్ధతి 25. కొన్ని డిస్కుల్లో 24ను 25గా పరుగెత్తించేశారు. మూడు గంటల సినిమా 2 గంటల 53 నిమిషాలకు అయిపోతుంది, శ్రుతి ఒక స్వరస్థానంలో ముప్పాతిక వంతు దాకా పైకి లేస్తుంది. మాటల్లో పట్టుబడదు, పాటల్లో పట్టుబడుతుంది. ఒంగోలు పక్కన దొడ్డవరంలో పుట్టిన భానుమతి 'మల్లీశ్వరి'లో తన పాటలు తనే పాడుకుంది. ఆ గొంతులో ఉన్న బరువు ఈ వేగంలో తేలిపోయి చిన్నపిల్ల గొంతులా వినిపిస్తుంది. అట్ట మీద రాసిన నిడివికీ ప్లేయర్ చూపించే నిడివికీ గంటకు రెండు నిమిషాలకు పైగా తేడా ఉంటే అది ఈ జబ్బే.

రెండోది కుక్కడం. ఒకే డిస్కులో మూడు సినిమాలని సంబరపడతాం. ఒక పొర డిస్కులో పట్టేది 4.7 జీబీ. ఏడున్నర గంటల బొమ్మను అందులో ఇరికిస్తే సెకనుకు వచ్చేది 1.4 మెగాబిట్లు. డీవీడీకి కనీసం నాలుగైనా ఉంటే గానీ బొమ్మ నిలవదు. వాన పాటలో, జాతర గుంపులో తెర గళ్లు గళ్లుగా చిట్లేది అందుకే. ఆ మసక సినిమాది కాదు. డిస్కు ఆగి ఆగి నడుస్తుంటే మెత్తటి పొడి గుడ్డతో మధ్య రంధ్రం నుంచి అంచుకు తిన్నగా తుడవండి. పళ్లెం కడిగినట్టు గుండ్రంగా తుడిస్తే గీత డేటా వెంబడే పడుతుంది, ప్లేయర్ సరిదిద్దుకోలేదు.

ఇంకొన్ని కాపీలు అసలు ముట్టుకోకూడనివి. నెట్‌లో హక్కులున్నవాళ్ల యంత్రాలకు దొరక్కుండా బొమ్మను అద్దంలోలా తిరగేసి పెట్టేవాళ్లుంటారు. పట్టుకోవడం తేలిక: పైట కుడి భుజం మీద ఉంటుంది, అందరూ ఎడమ చేత్తో అన్నం తింటుంటారు, అంగడి మీద బోర్డు తిరగబడి ఉంటుంది. అది కనబడగానే ఆపెయ్యండి. నాలుగైదు డాలర్లు పెట్టి అసలుది అద్దెకు తీసుకుంటే ఆ సినిమా హక్కుదారుకు ఏదో ఒకటి చేరుతుంది, మంచి కాపీలు తయారుచెయ్యాలన్న ఆశ వాళ్లకూ పుడుతుంది.

కొత్త సినిమాలకు వస్తే, 2021 సంక్రాంతికి వచ్చిన 'క్రాక్' ఒంగోలు కథ. దర్శకుడు గోపీచంద్ మలినేనిదీ ప్రకాశం జిల్లాయే. వేటపాలెం పేరు తెర మీద అంత గట్టిగా వినబడటం మనకు సంబరమే. ఒక్క లోటు: ఊరి పేరు ఉన్నంత దిట్టంగా ఊరి పలుకు లేదు. "ఎట్టా", "ఏంది", "ఆడికి పోయి ఏం చేసేది" అనే మాటతీరు ఇంకాస్త పడి ఉంటే ఆ కథ మరింత నమ్మకంగా ఉండేది. అయితే ఈ మాట అనే హక్కు, మాటలు సరిగ్గా విన్నవాళ్లకే. ఇప్పటి సినిమా శబ్దం 5.1. ఆరు దారుల్లో మాట వచ్చేది ఎక్కువగా మధ్య దారిలోంచే. టీవీకి ఉండేవి రెండు స్పీకర్లు. ఆరింటిని రెండింటిలోకి దించేటప్పుడు మాట పలచబడి, ఫైటు పైకి లేస్తుంది. మాటకు వాల్యూమ్ పెంచడం, ఫైటుకు తగ్గించడం, రెండున్నర గంటలూ రిమోట్‌తోనే సరిపోతుంది. దీనికి మందు ఉంది. ఆన్‌లైన్ సినిమా సర్వీసులో ఆడియో ఎంచుకునే చోట 'స్టీరియో' ఉంటే అది తీసుకోండి. లేకపోతే టీవీ సెట్టింగుల్లో 'డిజిటల్ ఆడియో అవుట్‌పుట్'ను 'పీసీఎం' చెయ్యండి, 'నైట్ మోడ్' లేదా 'క్లియర్ వాయిస్' పెట్టండి. పెదవులు ఒకచోట, మాట ఒకచోట ఉంటే 'ఆడియో డిలే'ను 20 మిల్లీసెకన్ల చొప్పున జరుపుతూ పోండి. చప్పట్లు కొట్టే సీన్ మీద సరిచూస్తే త్వరగా తేలుతుంది.

కొత్త టీవీ కొన్న ఇళ్లలో ఇంకో గొడవ. ఎంత పెద్ద సినిమా అయినా డైలీ సీరియల్ లాగా కనిపిస్తుంది. లేని ఫ్రేములను టీవీ ఊహించి మధ్యలో దూర్చడం వల్ల వచ్చే నునుపు అది. ఎల్‌జీలో 'ట్రూమోషన్', సోనీలో 'మోషన్‌ఫ్లో', శాంసంగ్‌లో 'పిక్చర్ క్లారిటీ' అనే పేర్లతో ఉంటుంది. ఆపెయ్యండి. 'ఫిల్మ్‌మేకర్ మోడ్' ఉన్న టీవీలో అది పెడితే ఇదీ, అనవసరపు మెరుగులూ ఒకేసారి పోతాయి.

సూళ్లూరుపేట దగ్గర 2019లో తెరిచిన వి-ఎపిక్ థియేటర్లో తెర వెడల్పు దాదాపు వంద అడుగులు. మన హాల్లోని 55 అంగుళాల టీవీ వెడల్పు నాలుగు అడుగులు. దాన్ని గోడకు తగిలించి పన్నెండు అడుగుల దూరంలో సోఫా వేస్తే ఏ సినిమా అయినా చిన్నదే. ఏడు అడుగులకు జరగండి. దీపాలు ఆర్పండి, టీవీ వెనక ఒక చిన్న లైటు చాలు.

అద్దె గడువు లెక్క తెలియక పోయే డబ్బు తక్కువేం కాదు. చాలా సర్వీసుల్లో అద్దెకు తీసుకున్నాక మొదలుపెట్టడానికి 30 రోజులు ఉంటుంది, మొదలుపెట్టాక ముగించడానికి 48 గంటలు. శుక్రవారం పొద్దున "సౌండ్ వస్తాందా లేదా" అని ఒక్క నిమిషం ప్లే చేసినా గడియారం నడవడం మొదలైనట్టే, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి సినిమా ఉండదు. పరీక్ష ట్రైలర్ మీద చెయ్యండి. కంప్యూటర్ బ్రౌజర్లో చాలా అద్దె సినిమాలు తక్కువ నాణ్యతలోనే ఆడతాయి. ఫోన్ తెరను టీవీకి పంపిస్తే శబ్దం వచ్చి బొమ్మ నల్లగా ఉండిపోతుంది, కాపీ చెయ్యకుండా పెట్టిన తాళం అది. టీవీలోని యాప్‌లోనే పెట్టుకోండి.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఇక్కడి ఖాతాలో అద్దెకు తీసిస్తే అక్కడ సాధారణంగా ఆడదు, అద్దె ఏ దేశానికి ఆ దేశమే. కావలిలో ఉన్నవాళ్లకు భారతదేశం ఖాతాలోనే తియ్యాలి. వాళ్లు చూసేది ఫోన్లో రోజుకు 2 జీబీ ప్యాకేజీ మీదైతే లెక్క ముందే చెప్పండి: హెచ్‌డీలో సెకనుకు 5 మెగాబిట్లు, రెండున్నర గంటలకు ఐదున్నర జీబీ పైనే. ఇంటర్వెల్ కూడా రాకముందే ఆగిపోతుంది. నాణ్యత 'డేటా సేవర్'కు తగ్గిస్తే ఒక జీబీ చిల్లరతో మొత్తం అయిపోతుంది. ఇంట్లో వైఫై ఉంటే పొద్దున్నే డౌన్‌లోడ్ చేసిపెట్టడం అన్నిటికన్నా మేలు, సాయంత్రం కరెంటు పోయినా బొమ్మ ఆగదు.

ఇక ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు. ఇక్కడ పుట్టిన పిల్లలకు అవి కావాలి, కాదనలేం. కానీ వాటిలో పిన్నీ అత్తా ఒకటే, బావా బావమరిదీ ఒకటే. మేనత్త కొడుకును హీరోయిన్ ఆటపట్టిస్తుంటే పిల్లలు అది అన్నాచెల్లెళ్ల తగవనుకుంటారు. "ఈడనే ఉండాడు", "ఇక్కడే ఉన్నాడు" రెండింటికీ కింద పడేది ఒకే వాక్యం, మనిషి ఏ ఊరోడో చెప్పే ముక్క అక్కడే రాలిపోతుంది. సినిమా అంతా సబ్‌టైటిళ్లతో చూడనివ్వండి, అయ్యాక ఒక్క సీన్ మళ్లీ పెట్టి అవి ఆపెయ్యండి. 'గుండమ్మ కథ'లో గంటయ్యగా రమణారెడ్డి వచ్చే సీన్ దీనికి చక్కగా సరిపోతుంది. ఆయనది నెల్లూరు జిల్లా జగదేవిపేట. మాట చివర సన్నగా సాగదీసే ఆ పలుకు విని, "తాతయ్య ఫోన్లో ఇట్టానే మాట్లాడతాడు కదా" అని పిల్లలు అంటారేమో చూడండి.