ఏదొచ్చినా పాసే

నా ఉద్యోగం ఏమిటో మా మేనత్తకు మొన్న మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మా అత్తది కాశీబుగ్గ. పలాస జీడి ఫ్యాక్టరీల్లో ముప్పై ఏళ్లు గ్రేడింగ్ బల్ల ముందు కూర్చున్న మనిషి. గుండు, బద్ద, ముక్క అని పప్పును మూడు వైపులకు తోసేస్తూనే ఊళ్లో పెళ్లి సంబంధాలన్నీ మాట్లాడగలదు.

"ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడానికి ఇంకో ప్రోగ్రాము ఉంటుందత్తా. దాన్ని డీబగ్గర్ అంటారు. ఆ డీబగ్గర్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి టెస్టులుంటాయి. ఆ టెస్టులు రాసేవాళ్లకు సాయంగా చిన్న చిన్న ప్రొసీజర్లు కావాలి. అవి నేను రాస్తాను."

అత్త కాసేపు ఆలోచించింది. "అంటే దొంగల్ని పట్టే పోలీసు మీద కన్నేసినోడికి నువ్వు టీ అందిస్తావన్నమాట."

ఇంత కచ్చితమైన నిర్వచనం నేను ఏ మాన్యువల్లోనూ చదవలేదు.

"ఆ తప్పులు పట్టేదాని పేరేటి?"

"జీడీబీ."

"జీడిబద్దా?"

ఆ రోజు నుంచి పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా మా చుట్టాలందరికీ నేను శ్రీకాకుళంలో ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో జీడిబద్దలు ఏరుకునే కుర్రాణ్ణి. మొదట్లో ఖండించాను. తర్వాత ఆలోచిస్తే ఖండించడానికి అందులో అబద్ధమేమీ కనపడలేదు.

ఇంత గొప్ప వృత్తి గురించి సమాజానికి తెలియకపోవడం విచారకరం కాబట్టి ఈ వ్యాసం.

జీడీబీని రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాశాడు. నడుస్తున్న ప్రోగ్రామును మీరు చెప్పిన చోట ఆపి, లోపల ఏ డబ్బాలో ఏముందో చూపించడం దాని పని. ఆ డబ్బాను వేరియబుల్ అంటారు. ఆపే చోటును బ్రేక్‌పాయింట్ అంటారు. జీడీబీ అంటే రోగి నాడి పట్టుకుని చూసే వైద్యుడి లాంటిది. మరి ఆ వైద్యుడికే జ్వరం వస్తే? అందుకని దానికి వేలాది టెస్టులు. అన్నిటికీ మనిషే కూర్చుని ఆదేశాలు టైపు చేస్తూ జవాబులు చదువుతూ పోతే సంక్రాంతికి మొదలుపెట్టింది మళ్లీ సంక్రాంతికి కూడా తెమలదు. కాబట్టి ఎక్స్‌పెక్ట్ అనే పనిముట్టును మనిషి వేషం కట్టి కూర్చోబెడతారు. డాన్ లైబ్స్ అనే ఆయన 1990లో దాన్ని లోకానికి చూపించాడు. అది మనిషిలాగే టైపు చేస్తుంది, జవాబు కోసం మనిషిలాగే ఎదురుచూస్తుంది. మనిషికి లేనిదల్లా దానికి ఓపికకు లెక్క ఉండటం. మామూలు గడువు పది సెకన్లు. గడువును మైనస్ ఒకటి అని పెడితే మాత్రం కల్పాంతం దాకా చూస్తూనే ఉంటుంది. మా వీధి కాలువకు ఎవరో ఈ మైనస్ ఒకటే పెట్టి మర్చిపోయారని నా అనుమానం.

దీనికి ఆదేశాలు రాసే భాష పేరును టికిల్ అని పలకాలి. చక్కిలిగింత. పేరు చూసి మోసపోకండి, ఏడిపిస్తుంది.

ఇక అసలు కథానాయకుడు, సహాయక ప్రొసీజర్. జీడీబీ టెస్టుల్లో అందరూ వాడే సహాయకుడికి మీరు మూడు ముక్కలు చెబితే చాలు. ఏ ఆదేశం టైపు చేయాలి, ఎలాంటి జవాబు రావాలి, ఈ టెస్టును ఏమని పిలవాలి. మిగతాదంతా వాడే చూసుకుంటాడు. డీబగ్గర్ కుప్పకూలినా, గడువు దాటినా, "నిజంగానే ఆపేయమంటావా, అవునా కాదా" అని మధ్యలో అడిగినా సర్దుకుంటాడు. పెళ్లిలో వంటవాళ్లకూ వడ్డించేవాళ్లకూ పెళ్లికొడుకు అలకకూ మధ్య తిరిగే పెదనాన్న లాంటివాడు. ఫొటోల్లో ఎక్కడా కనపడడు. లేకపోతే పెళ్లి జరగదు.

కష్టమంతా ఆ రెండో ముక్కలో ఉంది. ఎలాంటి జవాబు రావాలో ఒక నమూనాగా రాయాలి. ఆ నమూనాలో ఒక చుక్క, పక్కనే ఒక నక్షత్రం గుర్తు పెడితే "ఏదైనా సరే" అని అర్థం. తెలుగులో చుక్కన్నా నక్షత్రమన్నా ఒకటే. ఈ శాస్త్రంలో రెండూ కలిస్తే మోక్షం.

ఎందుకంటే ఆ రెండు గుర్తులూ పడ్డ టెస్టు ఇక ఫెయిల్ కావడానికి డీబగ్గర్ చచ్చి ఊరుకోవాలి. "ఈ వేరియబుల్లో ఎంతుంది?" అని అడిగితే డీబగ్గర్ "అలాంటి పేరు ఇక్కడ ఎక్కడా లేదు" అన్నా సరే, జవాబంటూ ఒకటి వచ్చింది కదా, పాస్. నలభై రెండు రావాల్సిన చోట నాలుగొందలొచ్చినా పాస్. మన పెళ్లిచూపుల్లో అబ్బాయి గురించి వాకబు చేస్తే "ఆఁ, మంచోడేనండీ" అని వచ్చే జవాబు ఉందే, అది ఈ చుక్కా నక్షత్రమే. ఎవరి గురించి అడిగినా వస్తుంది. ఎవరికైనా సరిపోతుంది.

నేనూ నా మీద దయతో అలాంటి సహాయకుణ్ణే రాశాను. అందరూ వాడే సహాయకుడి మీద నాదో పొర. టెస్టు రాసేవాడు నమూనా చెప్పడం మర్చిపోతే మొహమాటపెట్టకుండా వాడి తరఫున చుక్కా నక్షత్రం పెట్టేస్తాడు. నా బృందంలో అందరూ మర్చిపోవడం మొదలుపెట్టారు. తెర పచ్చగా కళకళలాడింది. ఆఫీసులో పచ్చరంగు మీద ఉన్న భక్తి వరిచేను చూసిన రైతుకు కూడా ఉండదు. నాకు మెచ్చుకోలు మెయిల్ వచ్చింది. అమ్మకు చూపించాను.

పూర్తిగా వదిలేయడం కాక, కాస్త వదులుగా పట్టుకోవడం ఇంకో కళ. నమూనా మొదలూ చివరా కట్టకపోతే మధ్యలో ఎక్కడ తగిలినా సరిపోయిందనే లెక్క. బ్రేక్‌పాయింట్ 1 కోసం చూస్తే బ్రేక్‌పాయింట్ 10 వచ్చినా తలుపు తీస్తుంది. ఇది కంప్యూటర్లతో పుట్టిన జబ్బు కాదు. మా ఊరికి మొదటిసారి రైల్లో వచ్చేవాళ్లు బోర్డు మీద శ్రీకాకుళం అన్న మాట చూడగానే సామాను దింపుకుంటారు. పక్కన రోడ్ అని ఇంకో మాట ఉంటుంది. దిగింది ఆమదాలవలసలో. అసలు శ్రీకాకుళం ఇంకా పదికి పైగా కిలోమీటర్లు. నమూనా సరిపోయింది, ఊరు సరిపోలేదు. ఆటోవాళ్లు మాత్రం ఈ వదులు నమూనా మీద తరాలుగా సంసారాలు ఈదుతున్నారు కాబట్టి దీన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు.

అన్నీ ఇంత ఘోరం కాదు. ఒక సహాయకుణ్ణి చూస్తే మాత్రం నాకు మా ఊరివాడే రాసుంటాడనిపిస్తుంది. ఏ లైను దగ్గర ఆగాలో నంబరుతో చెబితే, రేపు ఎవరో పైన రెండు లైన్లు చేరుస్తారు, నంబర్లన్నీ జరిగిపోయి టెస్టులన్నీ బోర్లా పడతాయి. అందుకని కోడ్‌లో ఆ లైను పక్కనే "ఇక్కడ ఆగు" అని ఒక వ్యాఖ్య రాసి పెడతారు. ఈ సహాయకుడు ఆ మాట ఎక్కడుందో వెతికి ఆ రోజు లైను నంబరెంతో చెబుతాడు. శ్రీకాకుళంలో ఎవరి ఇంటి నంబరైనా ఎవరికైనా తెలుసా? ఏడు రోడ్ల జంక్షన్లో దిగి ఫలానా టీకొట్టు పక్క సందు అంటాం. కొత్త ఇళ్లు ఎన్ని లేచినా సందు సందే. టీకొట్టు ఎత్తేస్తే మాత్రం కొరియర్ అబ్బాయీ టెస్టూ ఒకేలా ఏడుస్తారు.

తీర్పుల గురించి చెప్పకపోతే పాపం. అమాయకులు పాస్, ఫెయిల్ రెండే ఉంటాయనుకుంటారు. ఇక్కడ ఎక్స్‌ఫెయిల్ అని ఒకటుంది. ఫెయిలవుతుందని ముందే అనుకున్నాం, మా తప్పు కాదు, చుట్టూ ఉన్న సరంజామా తప్పు. కేఫెయిల్ అని ఇంకోటి. తప్పు మాదే, మాకు తెలుసు, ఫిర్యాదు నంబరు కూడా ఇచ్చాం. పరీక్షించలేదు, మా దగ్గర కుదరదు, ఏమీ తేల్చలేకపోయాం అనే వాటికి మూడు వేర్వేరు తీర్పులు. ఏటా వానకు మా వీధి మునగడం ఇన్నాళ్లూ ఫెయిల్ అనుకుని అనవసరంగా టెన్షన్ పడ్డాను. అది ఎక్స్‌ఫెయిల్. నాగావళిదీ ఆకాశానిదీ తప్పు. ఒక ఏడాది మునగలేదు. దాన్ని ఎక్స్‌పాస్ అంటారు, అనుకోకుండా పాసవడం. తీర్పులన్నిట్లోకీ అనుమానాస్పదమైనది అదే. మా వీధిలో కూడా అందరూ ఆందోళనగానే కనిపించారు.

ఇంకో జబ్బుంది, అది వస్తే పసిగట్టడం కష్టం. సహాయకుడు ఎక్కడో ఒక జవాబు చదవకుండా వదిలేస్తాడు. అక్కడి నుంచి ప్రతి ప్రశ్నకూ దాని వెనకటి ప్రశ్న జవాబు అందుతుంది. చెవులు సరిగ్గా వినపడని మా తాతయ్యతో మాట్లాడినట్టు. "భోంచేశావా తాతా?" మౌనం. "మందేసుకున్నావా?" "ఆఁ, వంకాయ కూరతో." "బ్యాంకుకెళ్లావా?" "ఇప్పుడే, నీళ్లతో." ఒక్కో జవాబూ నిజమే. వదులు నమూనా ఉంటే ఒక్కో టెస్టూ పాసే.

ఇలా పచ్చపచ్చగా రోజులు నడుస్తుండగా అత్త మా ఇంటికొచ్చింది. నా తెర ముందు నిలబడి, ఇంతసేపట్లో ఒక్కటి కూడా ఎర్రగా రాకపోవడం చూసింది.

"ఒక్కటీ తీసీలేదేటిరా?"

"అన్నీ బాగున్నాయత్తా."

"అన్నీ బాగుండటం ఉండదురా. W320 ట్రే ఎత్తితే ఏదో ఒకటి తీసీవలసిందే." తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, W320 అంటే పౌండు బరువుకు, అంటే అరకిలోకు కాస్త తక్కువకు, మూడొందల ఇరవై దాకా తూగే గుండ్లు. W240 అంటే ఇంకా లావువి. పౌండుకు ఎన్నో అత్త చేత్తో చూసి చెబుతుంది, తూకం తర్వాత ఒప్పుకుంటుంది. "నాను కొత్తగా చేరినప్పుడు మేస్త్రీ ట్రేలో కావాలని ఓ రాయి కలిపీసేవోడు. ఏరితే ఉంచీవోడు, ఏరకపోతే పంపీసేవోడు. నీ మిషనుకి ఎవులైనా రాయేశారేటి?"

ఎవరూ వేయలేదు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక నేనే వేశాను. డీబగ్గర్‌ను కావాలనే చెడగొట్టాను. ఏ వేరియబుల్ విలువ అడిగినా సున్నా అనే చెప్పేలా మార్చి, టెస్టులన్నీ నడిపాను.

పచ్చ. మొదటి నుంచి చివరి దాకా, అరసవల్లి తోటల్లాగా.

నా సహాయకుడు రాయిని కూడా గుండేనన్నాడు. మర్యాదస్తుడు. అతని పెంపకం నాదే కదా, ఎవరినంటాను.

చుక్కా నక్షత్రం తీసేశాను. నమూనా చెప్పకపోతే టెస్టు నడవదని రాశాను. మొదలూ చివరా కట్టాను. నమూనాల్లో మామూలు చుక్కకు ముందు వెనక్కి వాలిన గీత పెట్టి, ఇది చుక్కే, మోక్షం కాదని చెప్పాను. టికిల్‌కు చదరపు బ్రాకెట్టు కనపడితే దాన్ని ఆదేశమనుకుని పరుగెత్తే అలవాటుంది కాబట్టి వాటికీ పగ్గాలేశాను. చెడగొట్టిన డీబగ్గర్‌ను తిరిగి బాగుచేశాక కూడా, సోమవారం ఉదయం మా తెర మీద ఉన్నన్ని ఎర్ర చుక్కలు మిరపకాయలు ఎండబెట్టిన డాబా మీద కూడా ఉండవు. పది గంటలకు మేనేజరు ఫోన్.

"నిన్నటి దాకా బానే ఉంది కదా, ఏం చెడగొట్టావ్?"

నిన్నటి దాకా బాలేదనీ, బాగున్నట్టు కనపడిందనీ చెప్పడానికి నోరు తెరిచాను. అటువైపు పది సెకన్ల మౌనం. తర్వాత ఆయన, పాత సహాయకుణ్ణి తాత్కాలికంగా వెనక్కి తెస్తే ఎలా ఉంటుందని అడిగారు. పైవాళ్లకు చూపించే రోజున మాత్రమే. నేను ఎక్స్‌ఫెయిల్ అన్నాను. ఆయనకు అర్థమైందో లేదో తెలియదు.

బుధవారం పలాస నుంచి బస్సు పార్సిల్లో జీడిపప్పు వచ్చింది. మీద అత్త రాత, అంతా గుండే. మామూలుగా అయితే కవరు చించి గుప్పెడు నోట్లో వేసుకునేవాణ్ణి. ఈసారి పళ్లెంలో పోసి, ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ చూశాను. మధ్యలో ఒకటి కాస్త బరువుగా తగిలింది. పప్పు రంగే, పప్పు ఆకారమే. గులకరాయి.

అత్తకు ఫోన్ చేశాను.

"సూశావన్నమాట," అంది. "రెండోది దొరికిందేటి?"