తాడు పట్టుకునే మావయ్యకే పర్మిషన్ కావాలట

మా ఊళ్లో ఈత నేర్పాలంటే నడుముకి తాడు కట్టి బావిలోకి దింపేవాళ్లు. గట్టు మీద మావయ్య ఆ తాడు పట్టుకుని నిలబడేవాడు. అమెరికాలో జైరోప్లేన్ (నెత్తిన గాలికి తిరిగే రోటర్, అంటే తిరిగే రెక్కలు ఉండే చిన్న యంత్రం) నేర్చుకుందామని బయల్దేరాక నాకు అర్థమైందేంటంటే, ఇక్కడ బావిలో దూకేవాడిని ఎవరూ ఆపరు. తాడు పట్టుకునే మావయ్య మాత్రం గవర్నమెంటు దగ్గర ఉత్తరం తెచ్చుకోవాలి.

ఎక్కువ చేసి చెప్పట్లేదు. ఖాళీ బరువు 254 పౌండ్ల లోపున్న ఒంటి సీటు యంత్రం అల్ట్రాలైట్ లెక్కలోకి వస్తుంది. లైసెన్స్ అక్కర్లేదు, పరీక్ష లేదు, ఒక్క గంటైనా నేర్చుకున్నావా అని అడిగే దిక్కు లేదు. అదే రెండు సీట్ల జైరోలో గురువుని కూర్చోబెట్టుకుని ఆయనకి డబ్బులిస్తే మొదలవుతుంది గొడవ. ఇక్కడి జైరోల్లో చాలావరకు జనం షెడ్లలో సొంతంగా బిగించుకున్నవే. కాగితాల మీద వాటి పేరు ‘ఎక్స్‌పెరిమెంటల్’. అలాంటివాటిలో డబ్బు తీసుకుని మనిషిని ఎక్కించుకోకూడదు. అద్దెకిచ్చి నేర్పాలంటే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నుంచి ‘లోడా’ అనే మినహాయింపు ఉత్తరం ఉండాలి.

ఫ్యాక్టరీలో తయారైనదాంట్లో నేర్చుకోవచ్చుగా అంటారు. 2004లో తేలికపాటి యంత్రాల కోసం లైట్ స్పోర్ట్ రూల్ వచ్చినప్పుడు చిన్న విమానాలకీ, పవర్డ్ పారాచూట్లకీ ఆ దారి తెరిచారు. జైరోలని మాత్రం గుమ్మం బయటే నిలబెట్టారు. సర్టిఫికెట్ ఉన్న ఎయిర్ అండ్ స్పేస్ 18ఏ, మెకల్లక్ జె-2 లాంటి పాతకాలపు మోడళ్లు ఉన్నాయి గానీ, వాటిని వెతికి పట్టుకునేసరికి మన ఉత్సాహం చల్లారిపోతుంది.

నాకు మామూలు విమానం లైసెన్స్ ఉంది. అది ఉన్నందుకే ఇందులో నాకు గండం ఎక్కువ. విమానంలో వేగం పడిపోతే స్టిక్ ముందుకి తోసి ముక్కు కిందికి దించమని మన చేతికి అలవాటు చేస్తారు. జైరో రోటర్‌ని గాల్లో ఇంజిన్ తిప్పదు. కింద నుంచి పైకి వెళ్లే గాలే తిప్పుతుంది. కంగారులో స్టిక్‌ని గట్టిగా ముందుకి తోశామో, రోటర్ మీద బరువు పోతుంది, దాని వేగం పడిపోతుంది. కొన్ని డిజైన్లలో వెనక ప్రొపెల్లర్ తోపుకి యంత్రం ముందుకి పల్టీ కొడుతుంది. అక్కడి నుంచి తిరిగి రావడం ఉండదు. తను తయారు చేసిన విమానం స్టాల్ అయి (వేగం తగ్గి రెక్కలు మోయలేక) కూలిందనే స్పెయిన్ ఇంజనీరు హువాన్ డి లా సియెర్వా స్టాల్ కాని యంత్రం కోసం తంటాలు పడ్డాడు, 1923లో ఆయన జైరో గాల్లోకి లేచింది. విమానంలో మనల్ని కాపాడే అలవాటే ఇందులో ప్రాణం తీస్తుంది!

నా చెయ్యి రెండుసార్లు ముందుకెళ్లింది. రెండుసార్లూ వెనక సీట్లోంచి గురువుగారు స్టిక్ బిగించి పట్టుకున్నారు. ఆ పట్టు ఏ వీడియోలోనూ దొరకదు.

రూల్ పూర్తిగా తలతిక్కదని మాత్రం అనను. అది లేకపోతే షికార్లని పాఠాలుగా అమ్మేవాళ్లు తయారవుతారు. ఫ్లోరిడాలో పాత పి-40 యుద్ధ విమానంలో డబ్బు తీసుకుని పాఠాలు చెప్పిన కేసు కోర్టుదాకా వెళ్లింది, 2021లో ఎఫ్‌ఏఏ గెలిచింది. అక్కడితో ఆగితే బాగుండేది. సొంత ఎక్స్‌పెరిమెంటల్ విమానంలో పాఠం చెప్పించుకోవడానికీ ఉత్తరం కావాలన్నారు! 2022 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ చట్టం చేస్తే గానీ ఆ పిచ్చి వదల్లేదు. ఇంట్లో కారు పెట్టుకుని డ్రైవింగ్ నేర్పించుకోవడానికి పార్లమెంటు చట్టం కావాల్సొచ్చిందంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సొంత జైరో లేని నాలాంటివాళ్లకి మాత్రం ఉత్తరం ఉన్న గురువే దిక్కు. గురువుగారు దరఖాస్తు పెట్టిన రోజుల్లో రూల్ ఏమనేదంటే, కనీసం 60 రోజుల ముందు అర్జీ పెట్టుకోవాలి, మామూలు రూల్స్‌తో సమానమైన భద్రత ఉందని చూపించాలి. ‘దేనితో సమానం? పోల్చడానికి ఇంకో జైరో ఏదీ?’ అని ఆయన ఇప్పటికీ నవ్వుతారు. 2025 జులైలో ఎఫ్‌ఏఏ తెచ్చిన మోజాయిక్ అనే కొత్త రూల్ జైరోలకీ ఫ్యాక్టరీ తలుపు తీసింది, ఆ భాగం అమలు తేదీ 2026 జులై. ఇరవై రెండేళ్లు!

పోయిన శనివారం హ్యాంగర్ దగ్గరికి ఒకాయన ట్రెయిలర్ మీద పాత ఒంటి సీటు జైరో తెచ్చాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే వీడియోలు చూశానన్నాడు. గురువుగారు కాఫీ కప్పు పక్కన పెట్టి, ‘ముందు నా రెండు సీట్లదాంట్లో కూర్చో, డబ్బులేం వద్దు’ అన్నారు.