జింబో గారికి 2031 దాకా జీతం

టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్ల 2023 అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ అయిపోయిందనుకుంటున్నారేమో, అవలేదండీ. మైదానంలో 7 గెలుపులు, 6 ఓటములతో ముగిసింది గానీ, అకౌంట్స్ సెక్షన్‌లో 2031 దాకా ఆడుతూనే ఉంటారు. ఆ నవంబర్ 12న తీసేసిన కోచ్ జింబో ఫిషర్ గారికి ఒప్పందం ప్రకారం 7.5 కోట్ల డాలర్ల పైనే ఇవ్వాలి మరి. ముందు పావు వంతు చేతిలో పెట్టి, మిగతాది ఏటా సుమారు 72 లక్షల డాలర్ల చొప్పున. అంటే రోజుకి 19 వేల పైచిలుకు, ఆదివారాలతో సహా. మధ్యలో ఇంకో ఉద్యోగంలో చేరినా పైసా కోయరు.

2018లో చాన్సలర్ గారు ఈయనకి నేషనల్ ఛాంపియన్‌షిప్ ఫలకం ఒకటి బహూకరించారు. గెలిచాక కాదు, ముందే! అంతా చెక్కించి ఏడాది దగ్గర ఖాళీ వదిలారు. మన ఊళ్లలో శిలాఫలకం మీద తేదీ, మంత్రిగారి పేరు అన్నీ ఉంటాయి, బిల్డింగ్ ఒక్కటే ఉండదు. వీళ్లు తేదీ కూడా ఆదా చేశారు. ఆ ఫలకం ఇప్పుడెక్కడుందా అని నాకు ఒకటే ఆలోచన. ఇంట్లో గోడకే ఉందనుకోండి, పనమ్మాయి దుమ్ము దులుపుతూ "సార్, ఇక్కడ అంకెలేవో రాలిపోయాయి" అంటుంది. ఆయన కాఫీ చప్పరిస్తూ "రాలిపోలేదమ్మా, ఇంకా రాలేదు" అంటారు. అన్నట్టు ఆ కాలేజీ ఆఖరిసారి ఛాంపియన్ అయింది 1939లో.

2020లో 9 గెలుపులు, ఒకే ఓటమి అని ఒక్క మంచి సీజన్ రాగానే, ఈయన్ని ఎవరెత్తుకుపోతారో అన్నట్టు ఒప్పందాన్ని 2031 దాకా పొడిగించేశారు. 2022లో సొంత మైదానంలో అపలాచియన్ స్టేట్ అనే చిన్న జట్టు చేతిలో 17-14తో ఓడి, సీజన్ మొత్తానికి 5 గెలుపులు, 7 ఓటములతో ఇంటికొచ్చారు. అయినా జనం మాత్రం ఎక్కడికీ పోలేదు. మ్యాచ్‌కి ముందురోజు అర్ధరాత్రి స్టేడియంకి వెళ్లి, మర్నాడు ఎలా అరవాలో రిహార్సల్ చేసుకునే భక్తులు వాళ్లు, మ్యాచ్ అంతా కూర్చోకుండా నిలబడే చూస్తారు. కాళ్ల నొప్పులకి ఏ ఒప్పందమూ లేదు పాపం.

ఇక 2023లో మొదటి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి దాడి నడిపించే ఆటగాడు, పాదం విరిగి సెప్టెంబర్‌లోనే సీజన్ మొత్తానికి దూరమయ్యాడు, రెండోవాడూ దెబ్బ తిన్నాడు, మూడోవాడు దిగి మిసిసిపీ స్టేట్‌ని 51-10తో చితక్కొట్టాడు. అది శనివారం. ఆదివారం కోచ్‌కి ఉద్వాసన. ఎముకలు విరగ్గొట్టుకున్న ఆ కుర్రాళ్లకి అప్పట్లో యూనివర్సిటీ నుంచి జీతం అనేదే లేదు. స్కాలర్‌షిప్పు, తమ పేరు వాడుకున్నందుకు బయటివాళ్లు ఏమైనా ఇస్తే అది, అంతే. జీతమిస్తే కాలేజీ ఆట పవిత్రత చెడిపోతుందని దశాబ్దాలుగా నీతులు చెప్పారే, ఆ పవిత్రత కోచ్ ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు ఏ గంగలో కలిసింది? ఫీజుల డబ్బు ముట్టుకోలేదు, అథ్లెటిక్స్ నిధులూ దాతల విరాళాలే అంటారు. అయితే? పని చేసినవాడికి పైసా లేదనీ, పనిలోంచి తీసేసినవాడికి కోట్లనీ రాసుకోడానికి సిగ్గుండక్కర్లేదా?

మా పిన్ని కొడుకు అమెరికాలోనే ఇంకో యూనివర్సిటీలో ఎంఎస్ చదువుతూ, ఊళ్లో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన లోన్‌కి తోడుగా, క్యాంపస్ క్యాంటీన్‌లో వారానికి 20 గంటలు ప్లేట్లు కడిగేవాడు. అంతకు మించి చేస్తే వీసాకే ఎసరు. రెండో సెమిస్టర్‌లో మనుషులు ఎక్కువయ్యారని తీసేశారు. 2031 దాకా గంటల లెక్కన ఏమైనా పంపిస్తారా అని వాడు అడగలేదు. ఏప్రన్ ఉతికి తెచ్చి ఇమ్మన్నారట.