టీడీఎస్ మీటరుకు అందని విషం

హైదరాబాద్ శివారు పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు ట్యాంకరు రాగానే టీడీఎస్ మీటరు ముంచి చూడటం అలవాటైపోయింది. అంకె తక్కువ చూపిస్తే సంపులోకి వదులుతారు, ఎక్కువ చూపిస్తే వెనక్కి పంపుతారు. ఆ మీటరు పసిగట్టేది నీటిలో కరిగిన లవణాలను మాత్రమే. మందుల పరిశ్రమలు పీపాలకొద్దీ వాడే ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్), టాలుయీన్, టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) వంటి సాల్వెంట్లు, అంటే ఇతర పదార్థాలను కరిగించే ద్రావణులు, లవణాలు కావు. లీటరులో వెయ్యి మైక్రోగ్రాముల ఎండీసీ ఉన్నా దాని అంకె కదలదు.

జనాన్ని ఏమనగలం, ప్రమాణాలే అలా ఉన్నప్పుడు! తాగునీటికి మన దేశం రాసుకున్న ఐఎస్ 10500లో క్లోరోఫాం సహా నాలుగు ట్రైహాలోమీథేన్లకు (నీటిలో క్లోరిన్ కలిపినప్పుడు ఏర్పడే రసాయనాలకు) పరిమితులున్నాయి. ఎండీసీ, టాలుయీన్, మరో సాల్వెంటు ట్రైక్లోరోఇథిలీన్‌ల పేర్లు మాత్రం లేవు. ఎండీసీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 20 మైక్రోగ్రాములని, అమెరికా 5 మైక్రోగ్రాములని గీత గీశాయి. గీతే లేని చోట దాటారన్న కేసు ఎలా నిలుస్తుంది?

ఈ ద్రావణులు ఫ్యాక్టరీ గోడ దాటకుండా ఆపే ఏర్పాటు కాగితం మీద బాగానే ఉంది. ఉప్పు ఎక్కువున్న వ్యర్థజలం, అంటే హెచ్‌టీడీఎస్, ముందు స్ట్రిప్పరుకు వెళ్లాలి. అక్కడ ఆవిరి పంపి తేలిక సాల్వెంట్లను పైకి లేపి, చల్లార్చి పట్టుకోవాలి. ఆ తర్వాతే నీటిని ఆవిరిగా మార్చే ఎవాపరేటరు, మిగిలినదాన్ని ఎండబెట్టే డ్రైయరు. కక్కుర్తి మొదలయ్యేది స్ట్రిప్పరు దగ్గరే. ఆవిరి తగ్గిస్తే బాయిలరు ఖర్చు మిగులుతుంది, పట్టుకోవలసిన సాల్వెంటేమో ఎవాపరేటరులో నీటి ఆవిరితో కలిసి లేచి, ఆ ఆవిరి చల్లారగా వచ్చే నీటిలోకి, అంటే కండెన్సేట్‌లోకి చేరుతుంది. దాన్ని శుద్ధజలంగా లెక్కగట్టి కూలింగ్ టవరుకు తిప్పితే గాలిలో కలుస్తుంది. 153 డిగ్రీల దగ్గర మరిగే డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) అనే సాల్వెంటు అయితే స్ట్రిప్పరుకు సరిగా లొంగనే లొంగదు. తనిఖీకి వచ్చినవారు ప్రధానంగా చూసేది సీవోడీ, అంటే నీటిలోని మలినాలను ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత. ఎండీసీ ఆ పరీక్షలో సరిగా ఆక్సీకరణ చెందదు కాబట్టి అక్కడా తప్పించుకుంటుంది.

ఇక రాత్రిపూట ట్యాంకరు తెచ్చి నాలాలో గుమ్మరిస్తే జరిగేది వేరు. ఎండీసీ నీటికంటే 1.33 రెట్లు బరువు. చిక్కగా పడిందంటే నీటిపై తేలకుండా గ్రానైటు పగుళ్లలోకి దిగిపోయి, అడుగున కూర్చుని కొద్దికొద్దిగా కరుగుతుంది. ఈ ప్రాంతపు లోతు బోర్లు ఆ పగుళ్లనే తోడుతున్నాయి. నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు ఎంతో దూరం నుంచి వస్తాయి కనుక కొళాయి నీటికి భయం లేదనుకోవడమూ పొరపాటే. సరఫరా లేని వేళల్లో ఖాళీ పైపు లీకేజీల గుండా చుట్టూ ఉన్న నీటిని లోపలికి లాక్కుంటుంది. పైగా టాలుయీన్, ట్రైక్లోరోఇథిలీన్ పాలిథిన్ పైపు గోడను చీల్చకుండానే దాటి రాగలవు. ఇంట్లో ఆర్వో ఉందిగా అన్న ధీమా కూడా పనికిరాదు. చిన్న సాల్వెంటు అణువుల్ని ఆ పొర పూర్తిగా ఆపలేదు. అందులోని కార్బన్ టాలుయీన్‌ను బాగా పట్టినా ఎండీసీతో త్వరగా నిండిపోతుంది.

అమెరికాలోని క్యాంప్ లెజూన్ సైనిక స్థావరంలో జరిగింది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అక్కడ 1980లో సాల్వెంట్ల కోసం ఎవరూ వెతకలేదు. ట్రైహాలోమీథేన్లను పరీక్షిస్తుంటే ఫలితాలకు వేరే రసాయనాలు అడ్డుపడుతున్నాయని ల్యాబ్ చెప్పింది. 1982లో ఒక నమూనాలో ట్రైక్లోరోఇథిలీన్ లీటరుకు 1,400 మైక్రోగ్రాములు తేలింది. బావులు మూసింది 1984 చివర్లో, 1985 మొదట్లో. ల్యాబ్ చెప్పాక కూడా అంత ఆలస్యం! మన పటాన్‌చెరు పారిశ్రామిక కాలుష్యంపై వేసిన వ్యాజ్యానిదీ తక్కువ ప్రయాణం కాదు. 1990లో సుప్రీంకోర్టులో మొదలై, 2001లో హైకోర్టుకు, 2013లో హరిత ట్రైబ్యునల్‌కు మారి 2017లో తీర్పుకొచ్చింది.

అందుకే మేం అడుగుతున్నది కొత్త చట్టం కాదు. ట్రైహాలోమీథేన్లను జీసీ-ఎంఎస్‌ (రసాయనాలను విడదీసి గుర్తుపట్టే యంత్రం) మీద చూసే ల్యాబ్ అదే యంత్రంపై ఎండీసీ, టాలుయీన్, ట్రైక్లోరోఇథిలీన్‌లనూ చూడగలదు. ప్రామాణిక ద్రావణాలు కొని క్యాలిబ్రేట్ చేసుకుంటే చాలు. జాగ్రత్త పడాల్సింది నమూనా దగ్గర. ప్లాస్టిక్ సీసాలో సగం నింపి, ఎండలో జీపులో తిప్పి తెచ్చిన నీటిలో సాల్వెంటు మిగలదు. టెఫ్లాన్ పొర ఉన్న మూతతో 40 మిల్లీలీటర్ల గాజు వయల్ కావాలి. క్లోరిన్ కలిసిన నీరైతే ముందు అందులో 25 మిల్లీగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం వేయాలి, ఆమ్లీకరణ, అంటే ఆమ్లం కలపడం, ఆ తర్వాతే. నీరు అంచు దాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి తట్టి చూడాలి. ఒక్క గాలి బుడగ కనిపించినా ఆ నమూనా పారబోయాలి. మంచులో పెట్టి, 14 రోజుల్లోగా పరీక్ష ముగించాలి.

జలమండలి, కాలుష్య నియంత్రణ మండలి కలిసి పరిశ్రమవాడల చుట్టూ ట్యాంకర్లు నింపే ప్రతి బోరు నుంచీ వానలకు ముందొకసారి, తర్వాతొకసారి ఇలా నమూనాలు తీయాలి. ఫలితాన్ని బోరు దగ్గరే బోర్డు మీద తెలుగులో రాసి పెట్టాలి. మన ప్రమాణం సవరించే దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితినే కొలమానంగా తీసుకుని, దాన్ని దాటిన బోరుకు కరెంటు కనెక్షన్ తొలగించాలి.