పనైపోయిందని తీర్పు చెప్పేముందు

ఐరోపా ఫుట్‌బాల్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ మ్యాచ్ మొదలయ్యేసరికి మనకు అర్ధరాత్రి దాటుతుంది. అయినా శ్రీకాకుళం, విజయనగరం హాస్టళ్లలో, పలాస నుంచి బొబ్బిలి దాకా ఊళ్లలో కుర్రాళ్లు ఫోన్ల ముందు మేలుకునే ఉంటారు. తెల్లారాక కాలేజీ గేటు దగ్గరా, టీ కొట్టు దగ్గరా మాటలన్నీ ఆ ఆట గురించే. నిరుడు నెత్తిన పెట్టుకున్న ఆటగాడు వరసగా నాలుగు మ్యాచుల్లో గోల్ కొట్టకపోతే చాలు, ‘ఆడి పనైపోనాది’ అని తేల్చేస్తారు. ‘డబ్బులెక్కువైపోనాయి, ఇంకేటి ఆడతాడు’ అని కారణం కూడా చెప్పేస్తారు. ఇంత దూరాన ఉన్న మన పిల్లలు ఫుట్‌బాల్‌ను ఇంతగా ప్రేమించడం మాకు సంతోషమే. మా అభ్యంతరమల్లా ఆ తీర్పు మీద. ఎందుకంటే అదే తొందర, అదే కోపం మన మైదానాల్లో ఆడే పిల్లల మీదా పడుతోంది.

స్టార్ ఆటగాడు ఫామ్ కోల్పోయాడనగానే అతనిలోనే ఏదో తగ్గిందనుకుంటాం. చాలాసార్లు మార్పు వచ్చేది అతని చుట్టూ ఉన్నవాటిలో.

స్పెయిన్ స్ట్రైకర్, అంటే ముందు నిలిచి గోల్స్ కొట్టాల్సిన ఆటగాడు, ఫెర్నాండో టోరెస్ సంగతే చూడండి. ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ తరఫున 102 లీగ్ మ్యాచుల్లో 65 గోల్స్ చేసినవాడు. ఐరోపా దేశాల టోర్నీ అయిన 2008 యూరో ఫైనల్లో జర్మనీపై స్పెయిన్‌ను గెలిపించిన గోల్ అతనిదే. 2011 జనవరిలో మరో ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీ అతన్ని 5 కోట్ల పౌండ్లకు కొన్నది. అప్పటికి బ్రిటన్‌లో అంతకు మించిన ధర ఎవరికీ పలకలేదు. ఆ సీజన్లో చెల్సీ తరఫున 18 మ్యాచులు ఆడి అతను చేసింది ఒకే ఒక్క గోల్. అదే ఏడాది సెప్టెంబరులో ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో జరిగిన మ్యాచ్‌లో ఒక గోల్ చేసి, తేరుకున్నట్టే కనిపించాడు. ఆట చివర్లో బంతితో గోల్‌కీపర్‌ను కూడా దాటేశాడు. ఎదురుగా ఖాళీ గోల్. తన్నిన బంతి స్తంభం పక్కనుంచి బయటికి పోయింది. ప్రపంచమంతా ఆ ఒక్క దృశ్యాన్ని తిప్పి తిప్పి చూసి నవ్వింది.

ఆ నవ్విన వాళ్లలో ఎందరు అతని మోకాలి గురించి ఆలోచించారు? 2010లో మూడు నాలుగు నెలల తేడాలో ఆ మోకాలికి రెండుసార్లు శస్త్రచికిత్స జరిగింది. కుదుటపడటానికి చాలినంత వ్యవధి లేకుండానే ప్రపంచకప్‌కు వెళ్లాడు. స్పెయిన్ కప్పు గెలిచింది కానీ టోరెస్ ఖాతాలో ఒక్క గోల్ లేదు. అతని ఆటంతా మొదటి మూడు నాలుగు అడుగుల వేగం మీద నడిచేది. మోకాలి మీద నమ్మకం సడలితే ముందుగా పోయేది ఆ వేగమే. పైగా లివర్‌పూల్‌లో షాబీ అలోన్సో, స్టీవెన్ జెరార్డ్ డిఫెండర్ల వెనక ఖాళీలోకి బంతి వేస్తే అతను పరుగెత్తి అందుకునేవాడు. చెల్సీ ఆట వేరు. ఆ జట్టు బంతిని ఎక్కువసేపు తన దగ్గరే ఉంచుకుంటుంది కాబట్టి ఎదుటివాళ్లు పెనాల్టీ బాక్సు ముందు గుంపుగా కాచుకుని ఉండేవాళ్లు. పరుగెత్తడానికి చోటే లేదు. వీపు మీద డిఫెండర్‌ను మోస్తూ బంతిని ఆపి తోటివాళ్లకు అందించే డిడియర్ ద్రోగ్బాకు సరిపోయేలా అమర్చిన జట్టు అది. మోకాలు మారింది, బంతి వచ్చే దారి మారింది. అభిమానులు మాత్రం లివర్‌పూల్ నాటి గోల్సే అడిగారు.

అంత ధర పెట్టి కొన్నాక ఆడించక తప్పదు. అతన్ని ఆడిస్తే ద్రోగ్బాకు చోటు తగ్గుతుంది. ఇద్దరినీ దింపితే మధ్యలో ఒకరిని తీసేయాలి. అంతకు ముందు సీజన్లోనే లీగ్‌నూ ఎఫ్‌ఏ కప్‌నూ గెలిపించిన కోచ్ కార్లో అన్సెలోటీని ఆ సీజన్ ముగిసిన రోజే తొలగించారు. అందుకు టోరెస్ ఒక్కడే కారణమని మేము అనం. ఒక ఆటగాడి తడబాటు ఎంత దూరం పాకుతుందో చూడమంటున్నాం. ఇదే టోరెస్ 2012లో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ చివరి నిమిషాల్లో బార్సిలోనా మైదానంలో ఒంటరిగా పరుగెత్తి, గోల్‌కీపర్‌ను దాటి గోల్ చేశాడు. ప్రత్యర్థి అంతా ముందుకు వచ్చేయడంతో ఆ రోజు అతనికి కావలసినంత ఖాళీ దొరికింది.

బరువులెత్తే ఆటను పెంచి పోషించిన గడ్డ మనది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. నెల్లిమర్ల మండలం కొండవెలగాడలో ఇంటింటా లిఫ్టర్లున్నారని చెప్పుకుంటాం. ఆ ఆటలో ఫామ్ దాగదు. ఇనుము లేచిందా లేదా అన్నది అందరికీ కనిపిస్తుంది, అక్కడ మనిషి ఒక్కడే ఉంటాడు. ఆ కళ్లతోనే మనం ఫుట్‌బాల్‌నూ చూస్తున్నామేమో. ఫుట్‌బాల్లో స్ట్రైకర్ కాలికి బంతి చేరాలంటే అంతకుముందు నలుగురైదుగురు తమ పని చేసి ఉండాలి. వాళ్లలో ఒకరు జట్టు మారినా, గాయపడినా లెక్కలో పడిపోయేది స్ట్రైకర్ గోల్సే.

అదృష్టం పాలూ ఉంది. దూరం, కోణం, తలతోనా కాలితోనా, ఎదురుగా ఎవరున్నారు అన్నవన్నీ చూసి, అలాంటి అవకాశాల్లో గతంలో వందకెన్ని గోలయ్యాయో చెప్పే లెక్క ఒకటి ఇప్పుడు వాడుకలో ఉంది. దాన్ని ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ అంటారు. గోల్‌కీపర్ తప్ప అడ్డెవరూ లేని పెనాల్టీ కిక్కే వందలో ఇరవైకి పైగా వృథా అవుతుంది. పదిహేను గోల్స్‌కు సరిపడా అవకాశాల్లో ఇరవై రెండు కొట్టిన ఆటగాడు మరుసటి ఏడాది అలాంటి అవకాశాలతోనే పధ్నాలుగు కొడితే అతని ఆట పడిపోయినట్టు కాదు. మొదటి ఏడాది బంతి స్తంభం లోపలి వైపుకు తగిలి గోలైంది, రెండో ఏడాది స్తంభానికి తగిలి తిరిగొచ్చింది, అంతే.

ఒళ్లు అరిగిపోవడం మాత్రం అదృష్టం కాదు. అది మనుషులు చేసేదే. బార్సిలోనా మిడ్‌ఫీల్డర్ పెద్రి 2020-21 సీజన్లో క్లబ్బుకూ దేశానికీ కలిపి 73 మ్యాచులాడాడు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. యూరో ముగిసిన కొద్ది రోజులకే టోక్యో ఒలింపిక్స్‌కు పంపారు. తర్వాతి సీజన్లో తొడ కండరాలు పదేపదే దెబ్బతిని నెలల తరబడి బయట కూర్చున్నాడు. ఆ కుర్రాడు నిలకడగా ఆడి మళ్లీ తన స్థాయి చూపడానికి ఏళ్లు పట్టింది. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఆడనని చెప్పలేడు. ఆడించేవాళ్లే ఆపాలి.

కొన్నిసార్లు దెబ్బ ఎక్కడ తగిలిందో బయటికి కనిపించదు. 2009లో ఆంద్రెస్ ఇనియెస్టాకు ప్రాణ స్నేహితుడైన ఎస్పాన్యోల్ క్లబ్బు ఆటగాడు డానీ హార్కే హఠాత్తుగా మరణించాడు. అప్పటికే గాయాలతో ఉన్న ఇనియెస్టా కుంగుబాటులోకి జారిపోయాడు. ఈ సంగతి తర్వాత అతనే బయటికి చెప్పాడు, సాయం తీసుకున్నాననీ చెప్పాడు. 2010 ప్రపంచకప్ ఫైనల్లో 116వ నిమిషంలో గోల్ కొట్టి, చొక్కా విప్పి లోపలి బనీను మీద రాసుకున్న ఆ స్నేహితుడి పేరు చూపించింది అతనే. ఆ నడుమ నెలల్లో అతని కోసం ఓపిక పట్టినవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ గోల్ సాధ్యమైంది. మన దగ్గర ఓ కుర్రాడు ఇంట్లో చావు జరిగిన నెలలో సరిగా ఆడకపోతే ‘ఒళ్లు బద్ధకం’ అంటాం. ఈ మాట మారాలి.

స్టార్ ఒక్కడు తడబడితే జట్టుకు జరిగే నష్టం గోల్స్ తగ్గడంతో ఆగదు. తోటివాళ్లు అలవాటు కొద్దీ బంతి అతనికే ఇస్తుంటారు. అతను పోగొట్టుకున్న ప్రతి బంతీ ఎదురుదాడి అవుతుంది. ఇప్పటి ఆటలో ఫార్వర్డ్ ఆటగాళ్లే మొదట ఎదుటివారి మీదికి ఉరికి బంతి లాక్కోవాలి. నాట్లు వేసే వరసలో ఒకరు వెనకబడితే పక్కవాళ్లు ఆగలేక, సాగలేక వరసంతా వంకరపోతుంది. ఇక్కడా అంతే. స్ట్రైకర్ రెండడుగులు ఆలస్యమైతే మిడ్‌ఫీల్డర్ తన చోటు వదిలి వస్తాడు, వదిలిన చోటులోంచి బంతి డిఫెన్సు మీదికి పోతుంది. గోల్ పడ్డాక మనం తిట్టేది డిఫెండర్‌ను.

1998 ప్రపంచకప్ ఫైనల్ రోజు మధ్యాహ్నం బ్రెజిల్ స్టార్ రొనాల్డోకు హోటల్లో మూర్ఛ వచ్చింది. ముందు విడుదల చేసిన జట్టు జాబితాలో అతని పేరు లేదు. తర్వాత చేర్చారు. అతన్ని ఆ స్థితిలో కళ్లారా చూసిన తోటి ఆటగాళ్లు అతనితో పాటే మైదానంలోకి దిగారు. ఫ్రాన్స్ 3-0తో గెలిచింది. దానికి భిన్నంగా ఈడెన్ హజార్డ్‌ను చూడండి. 2019లో భారీ ధరకు రియల్ మాడ్రిడ్ చేరి, చీలమండ గాయాలతో 76 మ్యాచుల్లో 7 గోల్స్ మాత్రమే చేసి, 32 ఏళ్లకే ఆట మానేశాడు. అయినా రియల్ మాడ్రిడ్ కూలలేదు. బెంజెమా, వినీసియస్, మోడ్రిచ్ ఆ భారాన్ని పంచుకున్నారు. 2022లో చాంపియన్స్ లీగ్ గెలిచింది. ఆటగాడికి గాయం తప్పించలేకపోవచ్చు. జట్టును ఒక్కరి మీదే ఆధారపడేలా తయారుచేయడం మాత్రం చేతులారా చేసుకునేదే.

మన దేశం చేసుకున్నదీ అదే. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో భారత్ మూడు మ్యాచులూ ఓడింది. ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాలపై ఒక్క గోల్ కూడా రాలేదు. అప్పటికి జట్టు కెప్టెన్ సునీల్ ఛెత్రీకి 39 ఏళ్లు. ఛెత్రీ ఆడటం లేదన్న విమర్శలు వచ్చాయి. 39 ఏళ్ల మనిషి భుజాల మీద కోట్ల మంది దేశాన్ని ఎందుకు మోపామని ఎవరూ గట్టిగా అడగలేదు. అదే ఏడాది జూన్‌లో 94 అంతర్జాతీయ గోల్స్‌తో అతను తప్పుకున్నాడు. తొమ్మిది నెలలకే, 2025 మార్చిలో, నలభై ఏళ్లవాడిని మళ్లీ పిలిచారు. వచ్చి మాల్దీవులపై గోల్ కొట్టాడు. ఆ మనిషి నిబద్ధతకు చేతులెత్తి నమస్కరిస్తున్నాం. కానీ ఆ పిలుపు మన ఫుట్‌బాల్ వ్యవస్థకు సిగ్గుచేటు. ఇండియన్ సూపర్ లీగ్ క్లబ్బులు ఏళ్ల తరబడి గోల్స్ చేసే స్థానాన్ని విదేశీ ఆటగాళ్లకే అప్పగించాయి. మన స్ట్రైకర్లు మైదానం అంచుల్లో (వింగుల్లో) ఆడుతూనో, బెంచీ మీద కూర్చునో పెరిగారు. 2027 ఆసియా కప్‌కు మనం అర్హత సాధించలేకపోయాం.

దీనికి సరిగ్గా ఎదురు నిలిచే ఉదాహరణ హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. డిఫెన్సులో ఉండి తలతో బంతిని ఎదుర్కొనే పని అతనికి కష్టం. కోచ్ రహీం అతన్ని పక్కన పెట్టకుండా సెమీఫైనల్లో, ఫైనల్లో ఫార్వర్డ్‌గా ఆడించాడు. రెండు మ్యాచుల్లోనూ జర్నైల్ గోల్ చేశాడు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చాం. ఆ సమయానికి రహీం క్యాన్సర్‌తో ఉన్నాడు, మరుసటి ఏడాదే కన్నుమూశాడు. ఆటగాడిలో ఏం పోయిందని లెక్కపెట్టకుండా, ఏం మిగిలిందో చూసి దానికి తగ్గ చోటిచ్చిన గురువు ఆయన. 2019లో జర్మనీ క్లబ్బు బయెర్న్ మ్యూనిక్ బెంచీ మీద వాడిపోతున్న థామస్ ముల్లర్ విషయంలో కోచ్ హాన్సీ ఫ్లిక్ చేసిందీ దాదాపు ఇదే. పాత చోటులో నిలబెడితే ముల్లర్ ఆ సీజన్లో 21 అసిస్టులతో (తోటివాళ్ల గోల్స్‌కు దారితీసిన పాసులతో) జర్మన్ లీగ్ బుండెస్లీగా రికార్డు కొట్టాడు.

ఇక మన మైదానాల సంగతి. రెండు జిల్లాల్లోనూ ఫుట్‌బాల్ ఆడే జట్లు కొద్ది. ప్రతి జట్టుకూ ‘మనోడున్నాడులే’ అని ధీమా ఇచ్చే కుర్రాడు ఒకడుంటాడు. స్కూలు జట్టుకు వాడే, ఊరి జట్టుకు వాడే, సెలవుల టోర్నమెంటులో పక్క ఊరు పిలిస్తే వాడే. ఎండకు రాయిలా గట్టిపడిన నేల మీద ఒకే రోజు రెండు మ్యాచులు ఆడతాడు. హాఫ్‌టైమ్‌లో మోకాలికి క్రేప్ బ్యాండేజీ బిగించుకుని, పైన మోకాలి తొడుగు (నీ-క్యాప్) తొడుక్కుని, నొప్పి స్ప్రే కొట్టించుకుని మళ్లీ దిగుతాడు. గోల్ పడితే భుజాల మీద ఊరేగిస్తారు. ఏడాది తిరిగేసరికి ఆ వేగం ఉండదు. ఎంపికల రోజు ఇరవై నిమిషాల ఆట చూసి పేరు కొట్టేస్తారు. ‘పనైపోనాది’ అన్న మాట వాడికీ వినిపిస్తుంది, వాడి తల్లిదండ్రులకూ వినిపిస్తుంది. ఆ పిల్లల్లో చాలామంది ఇరవై ఏళ్లు నిండకముందే బూట్లు మూలన పడేస్తున్నారు. ఇది మాకు బాధ కలిగిస్తోంది.

జిల్లా క్రీడాధికారులను, పాఠశాల క్రీడల నిర్వాహకులను మేము అడుగుతున్నవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రభుత్వాసుపత్రుల్లో ఉన్న ఫిజియోథెరపిస్టులను వారంలో కనీసం రెండు సాయంత్రాలు జిల్లా కేంద్రాల మైదానాలకు పంపాలి. ఎంపిక ఒక్క రోజుతో ముగియకూడదు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు స్థానాల్లో ఆడించి చూడాలి. ఒకే రోజు ఒక ఆటగాడిని రెండు పూర్తి మ్యాచులు ఆడించే పద్ధతిని పదిహేడేళ్లలోపు పిల్లల విషయంలో నిషేధించాలి. ప్రతి పిల్లవాడు ఆ నెలలో ఎన్ని మ్యాచులాడాడు, ఎక్కడ నొప్పి అన్నాడు అనేవి బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) ఒక పుస్తకంలో రాసి పెట్టాలి. వాడు ఏ జట్టు తరఫున దిగినా ఆ పుస్తకం వాడి వెంట వెళ్లాలి. టోర్నమెంటు పెట్టింది ఎంత పెద్దమనిషైనా సరే, అందులోని లెక్క చూపించి ‘ఈ రోజు వీడు ఆడడు’ అని చెప్పే అధికారం ఆ పీఈటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి.