పీతల ఎర గురించి ఇంత రాద్ధాంతం అక్కర్లేదు

సరదాగా పీతలు పడదామనుకునేవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. "ఏ ఎర వాడాలి?" దానికి జనం ఇచ్చే సలహాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎరను రెండు రోజులు ఎండలో పెట్టి కుళ్ళబెట్టాలట. సోంపు నూనె చల్లాలట. ఇంకొందరు మరో అడుగు ముందుకేసి డబ్ల్యూడీ-40 కొట్టమంటారు. తుప్పు వదిలించే స్ప్రే అండీ అది! అందులో చేప నూనె ఉందని ఎప్పుడో పుట్టిన పుకారు ఇంకా చావలేదు. అది పెట్రోలియం సరుకు. చేపల్ని రప్పించడానికి వాడమని మేం చెప్పం అని తయారుచేసే కంపెనీయే అంటోంది. మనం వండుకోబోయే ప్రాణి తిరిగే నీళ్ళలో దాన్ని కొట్టాలన్న ఆలోచన ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

నా మాట సూటిగా చెప్తాను. ఎరలో రహస్యమేమీ లేదు. తాజాగా ఉండాలి, నూనె ఉన్న చేపైతే మంచిది, పీత లాక్కుపోలేనంత గట్టిగా కట్టాలి. బుర్ర పెట్టాల్సింది నీటి మీద. అది ఎటు పారుతోంది, ఎంత జోరుగా పారుతోంది, ఎప్పుడు నెమ్మదిస్తుంది అన్నది చూడాలి. అది వదిలేసి ఎర మీద గంటలకొద్దీ వాదించుకోవడం నేల విడిచి సాము.

ముందు ఈ కుళ్ళు సంగతి తేల్చేద్దాం. పీతలు చచ్చినవాటిని తింటాయి, నిజమే. అందుకని కంపు కొట్టేదే వాటికి ఇష్టం అనుకుంటారు. కానీ దొరికితే బతికున్న ఆల్చిప్పల్ని, పురుగుల్ని, చిన్న చేపల్ని, ఆఖరికి సాటి పీతల్ని కూడా వదలవు. నీళ్ళలో పీతను పిలిచేది మన ముక్కుకు తగిలే కంపు కాదు. మాంసంలోంచి కరిగి నీళ్ళలో కలిసే అమైనో ఆమ్లాల్లాంటివి. తాజా చేపను కోయగానే కారే రసంలో అవి దండిగా ఉంటాయి. కుళ్ళిన ముక్క అయితే మెత్తబడి విడిపోతుంది, చిన్న చేపలు పీక్కుపోతాయి, మిగిలింది ఎర పెట్టిన వల సంచీ కన్నాల్లోంచి జారిపోతుంది. ఆ కంపు మీ కారు డిక్కీలో మాత్రం చాన్నాళ్ళు ఉంటుంది.

ఒక పీతను దగ్గరగా చూడండి. కళ్ళ మధ్య పొట్టి మీసాలు రెండు ఉంటాయి. పక్కనున్న పొడవాటివి కాదు, మడతపెట్టి లోపలికి దాచుకోగలిగే బుల్లివి. వాటిని టకటకా విదిలిస్తూనే ఉంటుంది. పీత వాసన చూడటమంటే అదే. ఒక్కో విదిలింపుకీ కొత్త నీళ్ళు ఆ మీసాల మీది సన్నని వెంట్రుకల మధ్యకు చేరతాయి. కాళ్ళ కొసలకు కూడా రుచి తెలుస్తుంది. అందుకే ఇసుకలో కాళ్ళు గుచ్చి గుచ్చి చూస్తుంది. ఇక ఎర వాసన నీళ్ళలో అన్ని వైపులకూ సమానంగా పాకదు. గాలికి పొగ సాగినట్టు ప్రవాహం వెంట ఒక వైపుకే సాగుతుంది. పీత ఆ దారి పట్టుకుని నీటికి ఎదురు నడుస్తూ ఎర దగ్గరికి వస్తుంది. అంటే మీ ఎర పిలిచేది దిగువన ఉన్న పీతల్ని. ఎగువన బారెడు దూరంలో కూర్చున్నదానికి కబురే అందదు. రెండు మూడు వలలు వేసేవాళ్ళు వాటిని ప్రవాహం వెంట ఒకదాని వెనక ఒకటి కాకుండా అడ్డంగా పరిచి వేయమని నేను చెప్పేది ఇందుకే. లేకపోతే అన్నీ ఒకే దారిలో ఉన్న పీతల కోసం పోటీ పడతాయి.

సరే, ఎర పేర్లు చెప్పకపోతే మీరు ఊరుకోరు. కవళ్ళు, కానాగంతలు, అంటే సార్డీన్లు, మ్యాకెరెల్. హెర్రింగ్ దొరికే చోట హెర్రింగ్. వీటిలో నూనె ఎక్కువ, వాసన త్వరగా వదులుతాయి. కండ తీసేసిన చేప తలలు, ముళ్ళు ఇంకా మంచివి, ఎలాగూ పారేసేవే కదా. వీటి లోపం ఒక్కటే, త్వరగా చిరిగిపోతాయి. కోడి మెడకు వాసన తక్కువ కానీ చర్మం, నరాలు, ఎముక కలిసి ఉండటంతో పీత ఎంత పీకినా ఊడిరాదు. సీల్ జంతువులు తిరిగే తీరాల్లో చేప ఎర పెడితే అవి దోచేస్తాయి, కోడి జోలికి అంతగా రావు. స్క్విడ్ కూడా గట్టిదే. అమెరికా తూర్పు తీరంలో బ్లూ క్రాబ్ పట్టేవాళ్ళను చూడండి. వృత్తిగా పట్టేవాళ్ళు బుట్టల్లో మెన్‌హేడెన్ అనే నూనె చేపను వేస్తారు, సరదాగా తాడు వేసేవాళ్ళు కోడి మెడ కడతారు. ఎవరి అవసరం వాళ్ళది. బుట్టలో ఎరకు రక్షణ ఉంది, తాడు కొసన లేదు. ఇది చూడకుండా "చేప గొప్పా, కోడి గొప్పా" అని కొట్టుకోవడం దండగ. బ్రిటన్‌లో పిల్లలు బేకన్, అంటే ఉప్పు పట్టించిన పంది మాంసం ముక్క కట్టి పీతలు పడతారు. పడతాయి కూడా. కానీ ఉప్పు పట్టించిన కొవ్వును నీళ్ళలో వదలడం కన్నా చేప ముక్క నయమని నా అభిప్రాయం.

ఎర ఏదన్నదానికన్నా ఎలా పెట్టారన్నది ఎక్కువ తేడా తెస్తుంది. చేపకు రెండు పక్కలా కత్తితో నాలుగు గాట్లు పెట్టండి. వల సంచీలో వేసి మూతి బిగించి, ఉచ్చు, అంటే పీతలు లోపలికి దూరే బుట్ట మధ్యలో కట్టండి. ఒక పక్కకు ఆనించి కడితే పీతలు లోపలికి రావాల్సిన పనే లేదు, బయట నిలబడి కన్నాల్లోంచి కాళ్ళు పెట్టి హాయిగా తినేసి పోతాయి. కాసేపటికి సంచీ పైకి తీసి చూడండి. ముక్క తెల్లగా పాలిపోయి, పిండినా రసం రాకుండా ఉంటే దాని పని అయిపోయినట్టే. మాంసం ఇంకా ఉంది కదా అని మళ్ళీ దించేస్తారు చాలామంది. అక్కడ కక్కుర్తి పడొద్దు, మార్చేయండి.

మొదటిసారే పెద్ద ఉచ్చు కొనమని చెప్పేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. తాడు, బరువు, కోడి మెడ, పొడుగు పిడి ఉన్న చేతి వల చాలు. గాలపు ముల్లు అస్సలు వద్దు, పీత తనంతట తానే పట్టుకుంటుంది. ఎర అడుగుకు తగిలేదాకా దించి తాడును వేళ్ళ మధ్య వదులుగా ఉంచండి. కాసేపటికి తాడు బిగుస్తుంది, మెల్లగా పక్కకు జరుగుతుంది. టెన్షన్ పడి గబుక్కున లాగితే వదిలేస్తుంది. అంగుళం అంగుళం చొప్పున తీయండి, తిండి ధ్యాసలో అది పట్టు వదలదు. నీటి మట్టం దాటి గాలి తగిలిందా, జారుకుంటుంది. కాబట్టి పీత ఇంకా నీళ్ళలో ఉండగానే చేతి వలను దాని కిందకు చేర్చాలి. ఈ ఒక్క పనితో పీత ఎలా ఆలోచిస్తుందో చేతికి తెలుస్తుంది. ఉచ్చు వేసి ఇంటికెళ్ళిపోతే తెలియదు.

తర్వాతి మెట్టు రింగు వల. అడుగున పళ్ళెంలా పరుచుకుని, లాగితే అంచులు పైకి లేస్తాయి. దీనికి పద్ధతి పూర్తిగా తిరగబడుతుంది. పీత వచ్చినట్టే పోగలదు కాబట్టి 15, 20 నిమిషాలకోసారి తీయాలి, తీసేటప్పుడు ఆగకుండా జోరుగా లాగాలి.

ఇక నీళ్ళు. ప్రవాహం జోరుగా ఉన్నప్పుడు పీతలు ఇసుకలోనో బురదలోనో దిగబడి కూర్చుంటాయి. పోటు పూర్తయి నీళ్ళు నిలిచే వేళకు కాస్త ముందూ, కాస్త వెనకా అవి బాగా తిరుగుతాయి. అప్పుడు వాసన మోసుకెళ్ళేంత కదలిక ఉంటుంది, పీతను నెట్టేసేంత జోరు ఉండదు. అమావాస్య, పౌర్ణమిలప్పుడు పోటు పెద్దది, నీళ్ళు ఉరకలేస్తాయి. అష్టమి చుట్టుపక్కల పోటు చిన్నది, కొత్తవాళ్ళకు అదే అనువు. పెద్ద వానలు పడ్డాక నది కలిసే చోట్ల నీళ్ళు తియ్యబడితే పీతలు సముద్రం వైపు జరిగిపోతాయి, అప్పుడు ఏ ఎర పెట్టినా లాభం లేదు. ఎర బాగోలేదని తిట్టుకునేవాళ్ళలో సగం మంది తిట్టాల్సింది తాము ఎంచుకున్న వేళను.

ఉచ్చు వేసేదాకా వస్తే, ఎరకన్నా తాడు గురించి ఎక్కువ ఆలోచించండి. పోటులో ఉండే లోతుకన్నా తాడు పొడవుగా ఉండాలి. తేలే ప్లాస్టిక్ తాడు అయితే నీళ్ళు తగ్గినప్పుడు పైన చుట్టలు చుట్టుకుని పడవ పంకాకు తగులుకుంటుంది. తాడు తెగితే ఉచ్చు పోతుంది, డబ్బుతో సరిపోతే బాధ లేదు. అడుగున ఆ ఉచ్చు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. లోపల ఇరుక్కున్న పీత చస్తుంది, అదే ఎరై ఇంకో పీతను పిలుస్తుంది, అదీ చస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉచ్చుకు కొన్నాళ్ళకు కుళ్ళిపోయే నూలు తాడు లాంటిది కట్టడం తప్పనిసరి చేసింది ఇందుకే. అది పుచ్చి తెగితే దారి తెరుచుకుంటుంది. మీరుండే చోట రూల్ లేకపోయినా కట్టండి, పిసరంత నూలు దారం. కుళ్ళాల్సింది ఎర కాదు, అది!

పట్టాక ఏది ఉంచుకోవాలన్నది తీరానికో రకం. అమెరికా పడమటి తీరంలో దొరికే డంజినెస్ పీతకు ఆరెగాన్ రాష్ట్రంలో డిప్ప వెడల్పు 5.75 అంగుళాలు ఉంటే చాలు, పక్కనే వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో 6.25 ఉండాలి. రెండు చోట్లా మగవే. దాన్ని కొలిచేటప్పుడు పక్కల మొనలు వదిలేసి కొలవాలి, మేరీలాండ్‌లో బ్లూ క్రాబ్‌నైతే మొన నుంచి మొనకు కొలవాలి. కాబట్టి ఎవరో చెప్పిన కొలత నమ్ముకోకండి. ఆడా మగా తెలియాలంటే తిప్పి చూడండి. పొట్ట మీది మడత మగదానికి సన్నగా, ఆడదానికి వెడల్పుగా గుండ్రంగా ఉంటుంది. గుడ్లతో ఉన్నదాన్ని రూల్ ఏం చెప్పినా నేను వదిలేస్తాను. డిప్ప కింద నొక్కితే లోపలికి పోతుంటే అది ఈమధ్యే కుబుసం విడిచింది. లోపల కండకన్నా నీళ్ళే ఎక్కువ, దాన్ని వండుకుని ఏం చేస్తారు?

హెచ్చరిక బోర్డులు కూడా చదవండి. 2015లో అమెరికా పడమటి తీరంలో ఒక రకం నాచు విపరీతంగా పెరిగి, దాని విషం డొమోయిక్ ఆమ్లం పీతల్లో చేరింది. కాలిఫోర్నియాలో ఆ ఏడాది చివర్లో మొదలవ్వాల్సిన డంజినెస్ వేట 2016 దాకా వాయిదా పడింది. ఆ విషం ఉడికించినా పోదు. పీత చూడ్డానికి నిగనిగలాడుతూనే ఉంటుంది.

చివరగా బకెట్. నన్ను అన్నిటికన్నా విసిగించేది ఇదే. బకెట్ నిండా నీళ్ళు పోసి, అందులో పీతల్ని కుక్కి, ఎండలో వదిలేస్తారు. అవి నీళ్ళలోని ప్రాణవాయువు కాసేపట్లోనే పీల్చేసుకుని ఊపిరాడక చస్తాయి. చచ్చిన పీత చాలా త్వరగా పాడైపోతుంది, దాన్ని వండకూడదు. వండుకోవడానికైతే తడి గోనెసంచి కప్పి చల్లగా ఉంచండి, మొప్పలు తడిగా ఉంటే చాలాసేపు బతుకుతాయి. ఐస్ పెట్టినా కరిగిన మంచినీళ్ళలో మునగనివ్వొద్దు. పిల్లలకు చూపించి వదిలేయడానికైతే సముద్రపు నీళ్ళు పోసి, కొన్నిటినే ఉంచి, నీడలో పెట్టి, నీళ్ళు మారుస్తూ ఉండండి. వదిలేటప్పుడు గట్టు మీంచి విసిరేయకుండా నీళ్ళ దగ్గరదాకా దిగి బకెట్ వంచండి.