ముక్కలు చేస్తే రిజర్వేషన్ ఎగ్గొట్టొచ్చా?

2024 ఆగస్టులో శనివారం ప్రకటన, మంగళవారం రద్దు. కేంద్రంలో 45 పెద్ద పోస్టులకి యూపీఎస్సీ ఇచ్చిన లేటరల్ ఎంట్రీ (బయటి నిపుణుల్ని నేరుగా కాంట్రాక్టు మీద తీసుకోవడం) ప్రకటన వెనక్కి పోయింది కదా అని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. మాకు మాత్రం కోపం తగ్గలేదు, ఎందుకంటే ఆ ప్రకటన వెనకున్న లెక్క అలాగే ఉంది, రేపు ఎవరైనా మళ్లీ దాన్నే బయటికి తీయొచ్చు.

ఆ లెక్క ఏంటో చూడండి. రోస్టర్లో, అంటే ఎన్నో పోస్టు ఎవరికో చెప్పే వరుసలో, నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడోది ఎస్సీకి, పద్నాలుగోది ఎస్టీకి. ఉన్నది ఒకటే పోస్టు అయితే ఎవరికీ ఏమీ రాదు. అందుకని 10 జాయింట్ సెక్రటరీ పోస్టులు, 35 డైరెక్టర్, డిప్యూటీ సెక్రటరీ పోస్టులు శాఖల వారీగా విడగొట్టి, ఏ కుర్చీకి ఆ కుర్చీ 'సింగిల్ పోస్టు' అనేశారు. మొత్తం కలిపి లెక్కేస్తే ఓబీసీలకి 12, ఎస్సీలకి 6, ఈడబ్ల్యూఎస్‌కి (అగ్రవర్ణ పేదలకి) 4, ఎస్టీలకి 3 వచ్చేవి. ముక్కలు చేసేసరికి అన్నీ సున్నా.

నిపుణులు కావాలి, పాలనా సంస్కరణల మీద వేసిన మొయిలీ కమిషన్ కూడా ఇదే చెప్పింది అంటున్నారు ప్రభుత్వం వాళ్లు. సరే, తీసుకోండి, మాకేం అభ్యంతరం లేదు. కానీ ఎస్సీ, ఎస్టీ, బీసీల్లో నిపుణులు లేరని మీకు ఎవరు చెప్పారు?

ఈ ముక్కల లెక్క కొత్తదేమీ కాదు. 2018లో యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ, రిజర్వేషన్ లెక్కకి మొత్తం యూనివర్సిటీని వదిలేసి డిపార్ట్‌మెంట్‌నే యూనిట్‌గా తీసుకోమంటే లెక్చరర్ పోస్టుల్లో ఇదే జరగబోయింది, దేశమంతా రోడ్డెక్కాక 2019లో ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత చట్టం చేసి సరిదిద్దారు. అంటే ఇది తప్పని కేంద్రానికి అప్పుడే తెలుసు. తెలిసీ కేంద్ర సెక్రటేరియట్‌లో మళ్లీ అదే పని. కేంద్రమే ఇలా చేస్తే రేపు రాష్ట్రాలూ, కార్పొరేషన్లూ ఊరుకుంటాయా? పోస్టులు ముక్కలు చెయ్యి, కాంట్రాక్టు అను, రిజర్వేషన్ ఎగ్గొట్టు, ఇంత సులువని అందరికీ నేర్పినట్టే కదా.

ఇంకో సంగతి. 45 రోజులు, ఆపైన ఉండే తాత్కాలిక నియామకాల్లో కూడా రిజర్వేషన్ ఇవ్వాలని కేంద్రం ఆదేశాలే ఉన్నాయి. నెలన్నర ఉద్యోగానికి ఉన్న హక్కు మూడేళ్ల కాంట్రాక్టుకి, అదీ అయిదేళ్ల దాకా పొడిగించే కాంట్రాక్టుకి ఎందుకు లేదు? అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరుగా చేరిన ఒక దళిత ఉద్యోగి సెక్షన్ ఆఫీసరు, అండర్ సెక్రటరీ అంటూ మెట్టు మెట్టు ఎక్కి డిప్యూటీ సెక్రటరీ అయ్యేసరికి తల నెరుస్తుంది, పక్క గదిలోకి మాత్రం కార్పొరేట్ ఆఫీసు నుంచి నేరుగా ఒకరు వచ్చి కూర్చుంటారు, ఆ కుర్చీకి రోస్టరే వర్తించదంటారు. ఆ ఉద్యోగికి ఎలా ఉంటుందో ఆలోచించారా?

సింగిల్ పోస్టులని చూపించడం వల్లే రిజర్వేషన్ లేకుండా పోయిందని, సామాజిక న్యాయం ముఖ్యమని మంత్రి జితేంద్ర సింగ్ యూపీఎస్సీకి రాసిన ఉత్తరంలోనే ఉంది. 2018 నుంచి ఇదే దారిలో 63 మందిని తీసుకున్నప్పుడు ఆ న్యాయం ఎక్కడికి పోయింది? మిత్రపక్షాలే అడ్డం తిరిగాక గుర్తొచ్చిందా? ఇంకోసారి ప్రకటన ఇచ్చేట్టయితే అన్ని పోస్టులూ కలిపి లెక్కేసి, ఎవరికి ఎన్నో అందులోనే రాసి ఇవ్వండి. అది చేతకాకపోతే అసలు ఇవ్వకండి.